హైవే వైపు నుంచి వచ్చేవాళ్ళకు

మా వాళ్ళకు దారి చెప్పడం రాదు. ఎగతాళికి అనడం లేదు, ఉన్నమాటే. ముంబయి పక్కన భివండిలో మా గల్లీకి వచ్చి ఫలానా ఇల్లెక్కడ అని అడిగితే, ముందు మీరెవరు, ఏ ఊరు, వాళ్ళకేమవుతారు అని మూడు ప్రశ్నలు వేస్తారు. ఆ తర్వాత "గా నీలం తలుపుల కార్ఖానా ఉన్నది సూడు, ఆడికి వోయి అడుగు" అంటారు. అక్కడికి పోతే ఇంకో కార్ఖానా చూపించి అక్కడ అడగమంటారు. అలా నలుగురిని అడిగి, కనీసం రెండు చోట్ల చాయ్ తాగి, వచ్చినవాడు తన చుట్టం ఇల్లు చేరతాడు. ఎవరూ తప్పిపోయిన దాఖలా లేదు. కుడి, ఎడమ అనే మాటలు మాకు అన్నం తినే దగ్గర తప్ప పెద్దగా అవసరం పడలేదు.

అసలు నోటితో చెప్పే అలవాటే మాకు తక్కువ. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళు చాలామంది సాంచాల మీద బతికేవాళ్ళు. సాంచా అంటే కరెంటు మగ్గం. ఒక రేకుల షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారిగా కొడుతుంటే నోరు తెరిచి లాభం లేదు. పోగు తెగితే రెండు వేళ్ళు విడదీసి చూపిస్తారు. చాయ్‌కి పోదామంటే బొటనవేలు పెదవికి ఆనిస్తారు. సేఠ్ వస్తున్నాడంటే మీసం మీద వేలు రాస్తారు. మీసం లేని సేఠ్‌కైనా అదే గుర్తు. మా గది కార్ఖానా గోడకు ఆనుకొనే ఉండేది కాబట్టి ఈ చేతుల భాష ఇంట్లోకి కూడా వచ్చేసింది. మా బాపు ఉప్పు కావాలన్నా చేత్తోనే అడిగేవాడు, అమ్మ తల ఊపే లేదనేది. ఊరి నుంచి చుట్టాలొస్తే మాది మూగోళ్ళ సంసారం అని ఆటపట్టించేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం.

నేను మరాఠీ మీడియంలో పన్నెండో తరగతి గట్టెక్కిన ఏడాది, తొంభైల చివర్లో, బాపు మొదటిసారి "ఇగ నాతోని కాదు" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా పన్నెండు గంటల డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నూలు దుమ్ముకు దగ్గు పట్టుకుంది. కుడి భుజం చెవి దాకా లేవడం మానేసింది. సాంచా తప్ప వేరే పని తెలియని మనిషి, వేరే పని ఎవరిస్తారు అని నిద్రలో కూడా అడుగుతున్నట్టు ఉండేవాడు.

ఊరి బయట రోడ్లు చీలే అంజూర్ ఫాటా దగ్గర ఒక గోదాంలో లోడింగ్ పని చేసే మా మేనమామ ఒకనాడు రెండు కబుర్లు మోసుకొచ్చాడు. గోదాం ఆఫీసులో ఫోన్ ఎత్తి, సరుకు కోసం వచ్చే పార్టీలకు దారి చెప్పడానికి ఒక ఆడపిల్ల కావాలట. గేటు దగ్గరి వాచ్‌మన్ నెలాఖరుకు కొంకణ్‌లోని తన ఊరికి వెళ్ళిపోతున్నాడట. వాచ్‌మన్ పనేమిటంటే నీడలో కుర్చీ వేసుకొని కూర్చోవడం, లారీ హారన్ కొడితే గేటు తీయడం, పోయాక మూయడం. బాపు ఆ కుర్చీ సంగతి రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. మరుసటి రోజు నేను వెళ్ళి గోదాం సేఠ్‌ను కలిశాను. రెండు వారాలు చూస్తాను, నిలబడితే ఉంటావు, నువ్వు ఉంటే మీ నాన్న సంగతి ఆలోచిస్తాను అన్నాడు. అంటే నా నోరు సరిగ్గా పనిచేస్తే బాపు సాంచాల నుంచి బయటపడతాడు. ఇంట్లో ఎవరూ ఈ లెక్క పైకి అనలేదు, అందరికీ తెలుసు.

ఒక చిక్కుంది. దారి ఇంగ్లీషులో చెప్పాలి. ముంబయి కంపెనీల మేనేజర్లకు హిందీ రాక కాదు. ఇంగ్లీషులో దారి చెబితే గోదాం పెద్దదనుకుంటారని సేఠ్ నమ్మకం. చేరడానికి పది రోజుల గడువు అడిగాను.

వరాలా తలావ్ అనే చెరువు పక్కన ఒక గదిలో మా తెలుగాయనే ఒకాయన సాయంత్రాలు ఇంగ్లీషు నేర్పేవాడు. పగలు ఎక్కడో గుమాస్తా, ఆదివారం చర్చిలో పాటలు పాడేవాడు. నా అవసరం విని వ్యాకరణం పుస్తకం పక్కన పెట్టేశాడు. "నీకు గదంత వద్దు బిడ్డా, జోడీలు నేర్చుకో సాలు" అన్నాడు. దారికి సంబంధించిన మాటలు ఇంగ్లీషులో ఒంటరిగా తిరగవట. గో పక్కన స్ట్రెయిట్ ఉంటుంది. టర్న్ అంటే లెఫ్టో రైటో తోడు రావాలి. టేక్ అన్నామంటే ద సెకండ్ రైట్. క్రాస్ అంటే ద రోడ్, ఎట్ అంటే ద కార్నర్. "గివి మొగడు పెండ్లాల అసొంటియి. ఇడదీస్తె పాపం తల్గుతది" అనేవాడు. నేను ఒకసారి మేక్ లెఫ్ట్ అన్నాను. ఆయన బాధతో కళ్ళు మూసుకున్నాడు.

ఆ జోడీలు నాకు నచ్చాయి. మాకు దారి పట్టుకునేది, వాళ్ళకు తీసుకునేది. పెట్టెలోంచి చీర తీసుకున్నట్టు సెకండ్ రైట్ తీసుకుంటారు. ఆయన నోటుబుక్కులో ఒక పటం ఉండేది. తిన్నగా నాలుగు రోడ్లు, మూలమీద బ్యాంకు, ఎదురుగా పోస్టాఫీసు, పక్కన పార్కు. భివండిలో తిన్నని రోడ్డు నేను చూడలేదు, పార్కు అంతకన్నా లేదు. ఆ ఊళ్ళో ఎవరైనా దారి చెప్పగలరు అనిపించింది. అన్నిటికన్నా వింతగా ఉన్నది చివరి మాట. దారంతా చెప్పాక యూ కాంట్ మిస్ ఇట్ అనాలట. తప్పిపోలేరు అని ముందే హామీ ఇవ్వడమేమిటి, అబద్ధం కాదా అని అడిగాను. "అది మర్యాద" అన్నాడు. "మనోళ్ళు ఆడికి వోయి అడుగు అంటరు సూడు, గసొంటిదే." రెంటికీ పోలికే లేదు. మాది నిజంగా దారి చూపే మాట. ఆయనతో వాదించేంత ఇంగ్లీషు నాకు లేదు.

శుక్రవారం సాంచాలకు సెలవు. ఆ రోజు బాపు నన్ను ఇంటి నుంచి గోదాం దాకా నడిపించాడు. ఆయన ముందు, నేను వెనక, చేతిలో నోటుబుక్కు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, షెడ్డులో చేసినట్టే చెయ్యి చూపేవాడు. అరచెయ్యి నిలబెట్టి ముందుకు తోస్తే నేను గో స్ట్రెయిట్ అని రాసుకున్నాను. మణికట్టు కుడికి తిప్పితే టర్న్ రైట్. ఫాటా దగ్గర ఆయన మణికట్టు కుడికి తిరిగింది, అక్కడి నుంచి వసై వైపు పోయే రోడ్డు. తర్వాత రెండు వేళ్ళు, ఎడమకు. టేక్ ద సెకండ్ లెఫ్ట్. టైర్ల దుకాణానికి ఎదురుగా గేటు. ఆపోజిట్ అని రాసి కింద గీత కొట్టాను. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది. బాపు దాని వెనక నిలబడి, వీపుకు ఆనే బద్దను ఒకసారి నొక్కి చూశాడు. గట్టిదే అన్నట్టు తల ఊపాడు.

మొదటి వారం బాగా గడిచింది. ఫోన్ చేసినవాళ్ళు ఎక్కువగా ఊళ్ళోని నూలు వ్యాపారులు. వాళ్ళకు ఇంగ్లీషు అక్కర్లేకపోయినా, సేఠ్ వింటున్నాడని నేను ఇంగ్లీషులోనే చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వుకొని, సరిగ్గానే వచ్చేవాళ్ళు. గోదాం గుమాస్తా నన్ను మేడమ్ అన్నాడు. ఇంటికొచ్చి బాపుకు చెబితే, ఆయన నా పెదాల వంకే చూసి, చూపుడువేలు బొటనవేలు కలిపి భేష్ అన్నాడు.

రెండో వారం మంగళవారం ముంబయి నుంచి ఒక కంపెనీ మేనేజర్ సరుకు చూడడానికి కారులో బయల్దేరాడు. వెనక రెండు లారీలు. ఠాణే దాటాక ఫోన్ బూత్ నుంచి దారి అడిగాడు. నేను ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. గో స్ట్రెయిట్, ఎట్ ద ఫాటా టర్న్ రైట్, టేక్ ద సెకండ్ లెఫ్ట్, ఆపోజిట్ ద టైర్ షాప్, యూ కాంట్ మిస్ ఇట్. సేఠ్ లెడ్జర్ మీంచి తలెత్తి చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు ఉంది.

గంట గడిచినా కారు రాలేదు. మళ్ళీ ఫోన్, ఈసారి ఏదో దుకాణంలోంచి. మేనేజర్ గొంతు మర్యాదగానే ఉంది, అదే భయంకరంగా ఉంది. నువ్వు చెప్పినట్టే ఫాటా దగ్గర కుడికి తిరిగాను, రెండో ఎడమ తీసుకున్నాను, ముందు గోడ ఉంది, వెనక నా రెండు లారీలున్నాయి, తిప్పుకోవడానికి చోటు లేదు, టైర్ల దుకాణం ఏదీ, అన్నాడు. నేను మళ్ళీ అదే అప్పజెప్పాను. ఎన్నిసార్లు చదివినా నా దారి నాకు సరిగ్గానే ఉంది. గుమాస్తా నా చేతిలోంచి ఫోన్ లాక్కొని, హిందీలో మాట్లాడి, మోటార్ సైకిల్ మీద పోయి వాళ్ళను తోలుకొచ్చాడు.

తప్పేమిటో గుమాస్తా తిరిగొచ్చి చెబితే గాని నాకు తట్టలేదు. ఆ మేనేజర్ హైవే మీంచి వస్తున్నాడు. నేను ఊళ్ళోంచి చెబుతున్నాను. ఎదురుగా వచ్చేవాడికి నా కుడి ఎడమవుతుంది. ఇది ఐదో క్లాసు పిల్లకు తెలిసే విషయం. నాకెందుకు తెలియలేదంటే, పుట్టి బుద్ధెరిగాక నేను అంజూర్ ఫాటాకు ఊరి వైపు నుంచి తప్ప రాలేదు. మా అమ్మ రాలేదు, బాపు రాలేదు. ఊరి నుంచి రైల్లో దిగినా ఎవరో ఒకరు కళ్యాణ్‌కు ఎదురొచ్చి తోలుకొచ్చేవాళ్ళు. మా లోకానికంతటికీ గడప భివండి లోపలే ఉంది, అందరూ మా ఇంటి ముందు నుంచే బయల్దేరతారని మా నమ్మకం. మొదటి మలుపు తప్పితే తర్వాతివన్నీ ఒప్పే అయినా తప్పే.

సేఠ్ అరవలేదు. "శనివార్ తక్ దేఖూంగా" అన్నాడు. ఇంకొకసారి ఇలా జరిగితే, మీ నాన్న సంగతి కూడా ఉండదు అని మరాఠీలో చేర్చాడు. నాకు అర్థం కాదేమోనని కాబోలు, రెండు భాషల్లో చెప్పాడు.

ఇంట్లో చెప్పాను. బాపుది ఆ వారం రాత్రి డ్యూటీ. పగలు పడుకోవాలి. అయినా బుధవారం సేఠ్ భోజనానికి వెళ్ళిన సమయానికి గోదాం బయట నిలబడ్డాడు. "ఆ దిక్కు నుంచి వద్దాం పా" అన్నాడు. ఇద్దరం బస్సెక్కి ఠాణే వైపు రెండు స్టాపులు పోయి దిగి, హైవే మీంచి వచ్చేవాళ్ళలాగా వెనక్కి నడవడం మొదలుపెట్టాం. ఎప్పటిలాగే ఆయన ముందు, నేను వెనక. అటు నుంచి చూస్తే ఫాటా నాకు కొత్త ఊరిలా ఉంది. ఏ దుకాణమూ ఉండాల్సిన చోట లేదు. నేను తలొంచుకొని రాసుకుంటున్నాను.

పక్క గోదాంలోంచి ఒక లారీ వెనక్కి వస్తోంది. డ్రైవర్ హారన్ కొట్టాడు. క్లీనర్ దిగి బండి చెక్క మీద అరచేత్తో బాదుతూ అరుస్తున్నాడు. రోడ్డు మీద జనమంతా పక్కకు జరిగారు. బాపు జరగలేదు. లారీ వెనకభాగం ఆయన వీపుకు మూడడుగుల దూరంలోకి వచ్చింది. నేను నోటుబుక్కు పారేసి ఆయన చొక్కా పట్టి గుంజాను.

"ఏందే, గట్ల గుంజుతున్నవ్?" అన్నాడు.

"హారన్ ఇనలేదా బాపూ?"

నా పెదాల వంక చూసి, "గీ రోడ్డు మీద హారన్లకు లెక్కనా" అన్నాడు. నడక సాగించాడు.

నేను వెనక నిలబడిపోయాను. బాపూ, అని పిలిచాను. ఇంకాస్త గట్టిగా పిలిచాను. మూడోసారి పిలిస్తే చెరకు రసం బండి దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆయన నడుస్తూనే ఉన్నాడు. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, నేను చూస్తున్నానని రూఢి చేసుకొని, మణికట్టు ఎడమకు తిప్పి చూపించాడు. టర్న్ లెఫ్ట్.

ఎన్నేళ్ళ నుంచి అలా ఉందో నాకు తెలియదు. తెలిసే వీలు లేదు. షెడ్డులో ఎవరి చెవి ఎలా ఉన్నా పని ఆగదు. ఇంట్లో మేం ఎప్పుడూ ఎదురుగా నిలబడి, చేతులు ఊపుతూ, పెదాలు సాగదీసి మాట్లాడుకునేవాళ్ళం. అది సాంచాల చప్పుడు వల్ల వచ్చిన అలవాటనుకున్నాం. వేరే కొంపలో అయితే చెవుడు అని ఎప్పుడో పేరు పెట్టేవాళ్ళు, మా ఇంట్లో దాన్ని మర్యాద అనుకున్నాం. ఆ మధ్యాహ్నం నాకు ఆయన మీద జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. కుర్చీ అడిగిన మనిషికి ఆ కుర్చీ పనే హారన్ వినడమని తెలుసు కదా.

నా తప్పు మాత్రం సర్దుకుంది. ఫోన్ ఎత్తగానే ముందు వేర్ ఆర్ యూ కమింగ్ ఫ్రమ్ అని అడగడం మొదలుపెట్టాను. ఠాణే వాళ్ళకొకటి, వసై వాళ్ళకొకటి, ఊళ్ళోవాళ్ళకొకటి, మూడు కాగితాలు గోడకు అంటించుకున్నాను. గురువారం, శుక్రవారం వచ్చిన బళ్ళన్నీ తిన్నగా గేటుకే వచ్చాయి. యూ కాంట్ మిస్ ఇట్ అనడం మానేశాను.

శనివారం సాయంత్రం సేఠ్ పిలిచి, పనిలో ఉండమన్నాడు. నేను లేవబోతుంటే, మీ నాన్నను సోమవారం పంపు అన్నాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "సాంచేవాలా హై న? కాన్ ఠీక్ హై?" అని అడిగాడు. భివండిలో పుట్టి పెరిగినవాడు, సాంచాల వాళ్ళ చెవుల సంగతి నాకన్నా ముందే తెలుసు.

హా అంటే ఒక్క అక్షరం. ఆ రెండు వారాల్లో నేను ఎంతమందికి ఎన్ని మాటలు చెప్పానో, వాటిలో ఏదీ దానికన్నా చిన్నది కాదు. గేటు దగ్గర లారీలు రోజంతా వెనక్కే వస్తాయి. ఆయన వీపు, ఆ మూడడుగులు నా కళ్ళ ముందున్నాయి. ఆయన తప్పు చేస్తే ఆ తప్పు నన్నే పట్టుకుంటుందనీ, నా కుర్చీ కూడా పోతుందనీ ఆ క్షణంలోనే తోచింది. ఏ భయం ఎంత అని ఇప్పటికీ విడదీయలేకపోయాను. రెండోదే ఎక్కువేమో.

"సునాయీ నహీ దేతా, సేఠ్" అన్నాను, ఆయనకు వినబడదని.

చెప్పి మంచిపని చేశావన్నాడు. సోమవారం నుంచి ఎవరో యూపీ ఆయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఆ శనివారం నేను ఇంటికి వచ్చేసరికి బాపు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకొని గడపలో ఉన్నాడు. నా ఉద్యోగం నిలబడిందని చెప్పాను. ఆయన నా పెదాల మీంచి చూపు తిప్పలేదు. ఇంకా ఉంది కదా అన్నట్టు చూస్తున్నాడు. "గేటు కాడ వేరేటాయనను పెట్టుకున్నరట" అన్నాను.

"చెవుల సంగతి అడిగిండా?" అన్నాడు.

నేను తలూపాను. ఆయనకు అది చాలు, మిగతాది నా మొహమే చెప్పి ఉంటుంది.

"నన్నడిగితె మంచిగ ఇనబడ్తదని చెప్తుంటి" అన్నాడు. చొక్కా గుండీలు విప్పుకుంటూ, "నిన్నెందుకు అడిగిండు?" అన్నాడు.

అమ్మ అన్నం పెట్టింది. బాపు కంచం ముందు కూర్చొని తలొంచుకొని తిన్నాడు. పచ్చడి కావాలనీ అడగలేదు, చాలు అనీ చెయ్యి అడ్డం పెట్టలేదు. తప్పయింది బాపూ, అని రెండుసార్లు అన్నాను, రెండోసారి గట్టిగానే. అమ్మ ఉలిక్కిపడి నా వైపు చూసింది. ఆయన కంచంలోంచి తలెత్తలేదు.